ఆయన తలచుకునే ముఖం

మా ఆయన తన కాలేయాన్ని చూసి నవ్వుకుంటున్నాడన్న సంగతి నాకు ఒక చలికాలం ఉదయం తెలిసింది.

వాకిలి ఊడ్చి వెనక వరండాలోకి వెళ్లేసరికి ఆయన ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి, కళ్లు మూసి ఉన్నాయి. నవ్వుతున్నాడు. పళ్లు కనిపించే నవ్వు కాదు. పెదాల కొసలు కొంచెం పైకి లేచి, కళ్ల కింద చర్మం మెత్తబడి, చంటిపిల్లలు నిద్రలో నవ్వుతారే, అలా. చీపురు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పెళ్లయి ఇన్నేళ్లయింది, ఆ ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఏం చేస్తున్నరని అడిగాను. కళ్లు తెరవకుండానే చెప్పాడు.

"లివర్‌కు నవ్వుతున్న."

"దేనికి?"

"లివర్‌కే. ఇది అయిపోయినంక కిడ్నీలకు నవ్వాలె. జర ఆగు, చెప్త."

నేను ఆగలేదు. లోపలికి వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. ఆ రోజు గిన్నెలు చాలా శుభ్రంగా వచ్చాయి.

మేము కొత్తగూడెంలో కంపెనీ క్వార్టర్‌లో ఉంటాం. ఆయన బొగ్గు బాయిలో ఎలక్ట్రీషియన్. గనిని ఇక్కడ అందరూ బాయి అనే అంటారు. వయసంతా భూమి కింద కేబుళ్లూ మోటార్లూ చూసుకుంటూ గడిపిన మనిషి కాబట్టి పైకి వచ్చాక మాట్లాడే ఓపిక ఉండదేమో అనుకునేదాన్ని. నేను కూసుమంచి దగ్గర మిరప తోటలున్న ఇంట్లో పుట్టాను. మా ఇంట్లో పక్క గదిలో ఉన్నవాళ్లతో కూడా పొలం అవతలి గట్టు మీద ఉన్నవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడతారు. అలాంటి ఇంటి నుంచి వచ్చి ఈయన మౌనంలో పడ్డాను. కొత్తలో ఏడుపొచ్చేది. తర్వాత, కొందరు మగవాళ్లకు నవ్వు రాదు, అంతే, అని సర్దిచెప్పుకున్నాను.

అది నిజం కాదని కూడా నాకు తెలుసు. ఆయనకొక దోస్తు ఉండేవాడు. అదే బాయిలో ఫిట్టరు. ఆదివారం పూట స్కూటర్ మీద వచ్చి మా గేటు బయటే ఆపేవాడు. లోపలికి రమ్మంటే రాడు. స్కూటర్‌కు ఆనుకుని ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఈయన తల వెనక్కి వాల్చి నవ్వుతూ కనిపించేవాడు. గేటు వేసి ఇంట్లోకి వచ్చేసరికి ముఖం మళ్లీ మామూలుగా మూసుకునేది. ఆ ఫిట్టరు నాకేం కీడు చేయలేదు. చెల్లె అని పిలిచేవాడు. అయినా అతని స్కూటర్ చప్పుడు వినబడితే చాలు, నా చేతిలో గరిట కొంచెం గట్టిగా మోగేది.

కిందటేడు వానాకాలంలో అతను పోయాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చి, అన్నం తిని, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండెపోటు. ఈయన అంతా అయ్యేదాకా అక్కడే ఉండి వచ్చి, తలస్నానం చేసి, మర్నాడు డ్యూటీకి వెళ్లిపోయాడు. దాని గురించి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కొన్నాళ్లకు ఛాతీలో పట్టేసినట్టుందన్నాడు. కంపెనీ దవాఖానాకు పోయాం. అక్కడి నుంచి ఖమ్మం పంపారు. ఖమ్మంలో డాక్టరు పరీక్షలన్నీ చూసి, గుండె బాగానే ఉంది, బీపీ ఉంది, బీపీ కంటే భయం ఎక్కువుంది అన్నాడు. గోళీలు రాసిచ్చి, మనసు నిమ్మళంగా ఉంచుకోండి అన్నాడు. ఎలా ఉంచుకోవాలో మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత ఈయన సాయంత్రాలు కనిపించకుండా పోవడం మొదలైంది. ఎక్కడికంటే వాకింగ్ అనేవాడు. వాకింగ్‌కు వెళ్లినవాడు చెమట పట్టకుండా తిరిగొచ్చేవాడు. అన్నం మెల్లగా నమలడం మొదలుపెట్టాడు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు అడిగి తాగాడు. ఒకరోజు టీ ఇస్తే, బాగుంది అన్నాడు. మెల్లగా తినండి, గోరువెచ్చని నీళ్లు తాగండి అని ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నది నేనే. నేను చెప్పినప్పుడు అది పోరు. ఇప్పుడు ఎవరో చెప్పారు, అది ఆరోగ్య సూత్రం అయింది. ఆ ఎవరో ఎవరన్నదే నన్ను తినేస్తోంది.

లివర్‌కు నవ్విన ఆ రోజే టిఫిన్ తింటూ ఆయనే చెప్పాడు. కమ్యూనిటీ హాల్లో క్లాసు జరుగుతోందట. చైనావాళ్ల పాత పద్ధతి, తావో అంటారట. మన ప్రాణం లాంటిదే, చీ అనే శక్తి ఒంట్లో తిరుగుతుంటదట, భయమూ దుఃఖమూ గడ్డకట్టిన చోట అది ఆగిపోతుందట, దాన్ని మళ్లీ కదిలించాలట. అందుకు మెల్లగా చేతులు కదపడం, చెట్టులా నిలబడటం, లోపలి అవయవాలకు నవ్వు పంపడం. ఇన్ని మాటలు ఆయన ఒక్కసారి మాట్లాడటం నేనెరుగను.

"నవ్వు ఊరికే ఎట్ల వస్తది?" అని అడిగాను.

"ఊరికే రాదు. ముందుగాల ఒక ముఖం తలచుకోవాలె. యాదికొస్తే నవ్వొచ్చే ముఖం. ఆ నవ్వు కండ్లలకు వచ్చినంక మెల్లగ లోపటికి దింపాలె. మేడం చెప్పింది."

మేడం అన్న మాట ఆయన నోట్లో ఎంత మెత్తగా పలికిందో విన్నాను. ఎవరి ముఖం తలచుకుంటరు అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. రేపటి నుంచి నేను కూడా వస్తానన్నాను. ఆయన సంతోషించాడు. అది కూడా నాకు నచ్చలేదు. దాచుకోవలసింది ఏదైనా ఉన్నవాళ్లు అంత తొందరగా సంతోషించరు కదా అని ఒక మనసు, బాగా దాచుకోగలవాళ్లే అలా సంతోషిస్తారు అని ఇంకో మనసు.

మేడం నేననుకున్నట్టే ఉంది, అదే బాధ. నా వయసే ఉంటుంది. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. వదులుగా ఉన్న తెల్ల కాటన్ పైజామా, నూలు చొక్కా, చెప్పుల్లేని కాళ్లు. పాల్వంచ ఆవిడట. సింగపూర్‌లో నర్సుగా చాలా ఏళ్లు పనిచేసి వచ్చిందట. అక్కడ పార్కులో పొద్దున్నే వ్యాయామం చేసే ఒక ముసలావిడ దగ్గర ఇదంతా నేర్చుకుందట. మాట్లాడేటప్పుడు గొంతు పెంచదు. అంతమంది పెద్దవాళ్లు, రిటైరైనవాళ్లు, షుగరున్నవాళ్లు, ఆ చిన్న గొంతు వినడానికి ముందుకు వంగుతున్నారు. మా ఆయన అందరికంటే ముందు వరసలో ఉన్నాడు. నేను వెనక వరసలో, చీర కుచ్చిళ్లు దోపుకుని నిలబడ్డాను.

ముందు చెట్టులా నిలబడమంది. మోకాళ్లు కొంచెం వంచి, పెద్ద బానను కౌగిలించుకున్నట్టు చేతులు గుండ్రంగా ముందుకు పెట్టి, కదలకుండా. నాభి కింద ఒక చోటు ఉంటుంది, ధ్యాస అక్కడ పెట్టండి అంది. నా ధ్యాస ముందు వరసలో ఉంది. మేడం వరసల మధ్య నడుస్తూ అందరి భుజాలూ చూస్తోంది. మా ఆయన దగ్గర ఆగింది. ఆయన మోచేతి కింద రెండు వేళ్లు ఆనించి కొంచెం పైకి లేపింది. బాగుంది అంది. నా పిక్కల్లో మంట మొదలైంది, అది మోకాళ్ల దాకా వచ్చింది, అయినా చేతులు దించలేదు. ఆయన దించేదాకా నేను దించను.

తర్వాత అరచేతులు ఎదురెదురుగా పెట్టి మధ్యలో ఏమైనా తెలుస్తోందా చూడమంది. ఒకాయన వెచ్చగా ఉందన్నాడు. మా క్వార్టర్ల లైన్‌లో ఉండే ఒకావిడ చీమలు పాకినట్టుంది అంది. మా ఆయన, చిన్న బంతి ఉన్నట్టుంది మేడం, నొక్కితే నొక్కనిస్తలేదు అన్నాడు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతులో బడిపిల్లాడి సంబరం వినిపించింది. మేడం నా వైపు చూసింది. నాకేం తెలియడం లేదన్నాను. మొదటి రోజే తెలియాలని లేదు అక్కా అంది. అక్కా అన్నందుకు కూడా కోపం వచ్చింది.

ఆ తర్వాత శబ్దాలు. ఒక్కో అవయవానికి ఒక్కో శబ్దం ఉందట. ఊపిరితిత్తుల్లో దుఃఖం, మూత్రపిండాల్లో భయం నిలవుంటాయి, శబ్దంతో పాటు వాటిని వదిలేయాలి అని మేడం చెబుతోంది. ఆవిడ ఎవరి పేరూ ఎత్తలేదు గానీ, భయం అన్నప్పుడు మా ఆయన తల ఊపడం కనిపించింది. ఖమ్మంలో డాక్టరు అదే మాట అంటే తల దించుకుని బయటికొచ్చిన మనిషి.

ఓర్వలేనితనం ఎక్కడుంటుంది మేడం అని అడిగేశాను. నా నోటి నుంచి ఆ ప్రశ్న ఎలా వచ్చిందో తెలియదు. కొందరు నవ్వారు. మేడం నవ్వలేదు.

"కాలేయంలోనే అక్కా. కోపమూ అసూయా ఒకే ఇంట్లో ఉంటాయంటారు. ష్ష్ అని నెమ్మదిగా వదలండి."

నేను వదిలాను. నెమ్మదిగా రాలేదు. ప్రెషర్ కుక్కర్ విజిల్ తీసినట్టు వచ్చింది. హాల్లో అందరూ వెనక్కి తిరిగారు. మా ఆయన కూడా తిరిగాడు.

అలా మొదలైంది నా చదువు. రోజూ సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. చేతులు మబ్బుల్లా కదపడం, విల్లు ఎక్కుపెట్టినట్టు లాగడం, మడమలు లేపి దబ్బున దింపడం అన్నీ వచ్చాయి. కదలికలు నాకు ఆయన కంటే తొందరగానే పట్టుబడ్డాయి. రోట్లో పచ్చడి నూరిన చేతులు, పిండి తిప్పిన చేతులు. మేడం నన్ను ముందు వరసకు పిలిచింది. కానీ కళ్లు మూసుకుని కూర్చునే భాగం వస్తే నా పని అయిపోయేది. నవ్వు రాదు.

మేడం చెప్పినట్టు ముఖాలు తలచుకునేదాన్ని. వరంగల్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ముఖం వస్తే, తిన్నదో లేదో, ఫోన్ ఎందుకు ఎత్తలేదో అన్న దిగులు వెంట వచ్చేది. అమ్మ ముఖం వస్తే ఏడుపొచ్చేది. ఆయన ముఖం తలచుకుంటే, ఆ ముఖం కళ్లు మూసుకుని ఇంకెవరినో చూసి నవ్వుతూ కనిపించేది. నా కాలేయానికి నేను పంపిందంతా ఆ అనుమానమే.

పక్క కుర్చీలో ఆయనకు మాత్రం నవ్వు వెంటనే వచ్చేసేది. కళ్లు మూస్తాడు, ఊపిరి పీలుస్తాడు, అంతలోనే పెదాలు కదులుతాయి. వెతుక్కోవలసిన అవసరమే లేని ముఖం ఎవరిదో ఆయన దగ్గర ఉంది. ఓరగా కళ్లు తెరిచి ఆయననే చూసేదాన్ని. మేడం ముఖమా? మేడం వచ్చి ఎన్నాళ్లయింది, అంత లోతుగా ఎలా దిగుతుంది? పెళ్లికి ముందు ఎవరైనా ఉన్నారా? వాళ్ల మేనమామ కూతురిని ఇస్తామన్నారని మా అత్త ఒకసారి అన్నది. నాకు గుర్తున్నంత వరకు ఆ అమ్మాయి ముఖం నవ్వొచ్చే ముఖం కాదు. అయినా ఎవరు చెప్పగలరు?

ఒక ఆదివారం పొద్దున కొత్త చీర కట్టుకుని, పౌడర్ రాసుకుని, వరండాలో ఆయన కుర్చీకి ఎదురుగా నా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కళ్లు తెరవగానే మొదట కనిపించేది నా ముఖమే కావాలని. ఆయన నవ్వు అంతా ముగించుకుని, చేతులు నాభి మీద పెట్టుకుని, నెమ్మదిగా కళ్లు తెరిచాడు. కళ్లలో ఆ నవ్వు తడి ఇంకా ఉంది. నన్ను చూశాడు.

"టిఫిన్ ఏంది?" అన్నాడు.

ఉప్మా అన్నాను. ఉప్పు లేకుండా చేశాను. మెల్లగా నమిలి తిన్నాడు, ఏమీ అనలేదు.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో మేడం అందరినీ ఒక ఆదివారం కిన్నెరసాని వాగు వైపు తీసుకెళ్లింది. తెలిసినవాళ్ల మామిడి తోట ఉంది, తోట దాటితే అడవే. పొద్దున్నే వ్యాన్‌లో బయల్దేరాం. తోట చేరేసరికి గాలి నిండా ఇప్పపూల వాసన ఉంది, తీపిగా, కొంచెం మత్తుగా. అడవి వైపు నుంచి కోయ ఆడవాళ్లు కొందరు గంపల నిండా ఇప్పపూలు ఏరుకుని వస్తున్నారు. మేమంతా మామిడి చెట్ల కింద చేతులు గుండ్రంగా పెట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాం. వాళ్లు ఆగి చూశారు. వాళ్ల భాషలో ఏదో అనుకున్నారు. ఒకామె తెలుగులో, ఏం పోయింది మీకు, వెతుకుతున్నరా అని అడిగింది. ఎవరూ కదలకూడదు కాబట్టి ఎవరూ జవాబు చెప్పలేదు. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆ నవ్వు చాలా దూరం దాకా వినిపించింది. కళ్లు మూసుకుని ప్రయత్నం చేస్తున్న నవ్వు కాదు అది. నాకు వాళ్ల మీద కూడా ఈర్ష్య కలిగింది.

తర్వాత ఇద్దరిద్దరుగా చేసేది నేర్పిస్తానంది మేడం. ఒకరి అరచేతి ఎదురుగా ఇంకొకరు అరచేయి పెట్టి, తాకకుండా, అవతలివాళ్ల చేయి ఎటు కదిలితే అటు కదలాలి. చేసి చూపించడానికి ఒకరు రావాలి అంటూ మా ఆయనను పిలిచింది. ఎందుకంటే ఆయనకు చీ బాగా తెలుస్తుందట.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మేడం చేయి పైకి లేచింది, ఆయన చేయి లేచింది. ఆవిడ పక్కకు జరిగితే ఈయన జరిగాడు. మధ్యలో బెత్తెడు గాలి ఉంది. తాకలేదు. తాకి ఉంటే బాగుండేదనిపించింది నాకు, అప్పుడైనా ఏదో ఒకటి అనడానికి ఉండేది. వాళ్లిద్దరూ నీళ్లలో చేపల్లా కదులుతుంటే అందరూ మెచ్చుకోలుగా చూస్తున్నారు. వంటింట్లో నేను ఇటు జరగండి అంటే ఎటు జరగాలో తెలియక ఫ్రిజ్‌కు గుద్దుకునే మనిషి ఈయనేనా?

నేను మంచినీళ్ల వంకతో అవతలికి వెళ్లిపోయాను.

కాసేపటికి మేడం నా వెనకే వచ్చింది. నా ముఖం చూసే వచ్చి ఉంటుంది. బాటిల్ అందుకుని తను కూడా కొన్ని నీళ్లు తాగింది. తర్వాత నన్ను ఓదార్చే మాటలేమీ అనకుండా తన సంగతి చెప్పింది. వాళ్లాయన పాల్వంచలోనే ఉంటాడట. ఆవిడ క్లాసుకు ఒక్కసారి కూడా రాలేదట. ఇంట్లో ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంటే టీవీ సౌండు పెంచుతాడట.

"మీరిద్దరూ ఒకే బండి మీద వస్తారు కదా అక్కా," అంది. "మీ బండి గేటు దగ్గర ఆగినప్పుడల్లా నేను చూస్తాను. మీరు దిగేదాకా ఆయన ఒక కాలు కింద ఆనించి ఆగుతాడు. అది చూసి తట్టుకోవడానికి నేనూ ష్ష్ అనుకోవాలి."

నవ్వుతూనే అంది. గొంతు మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్లూ నేను మనసులో ఆవిడకు తగిలించినవన్నీ తీసేయడానికి కొంచెం సమయం పట్టింది. ఆవిడ మీద కోపం అయితే పోయింది. ప్రశ్న పోలేదు. ఇంకా పదునెక్కింది. మేడం కాకపోతే ఎవరు?

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ చెట్ల కింద నడుం వాల్చారు. ఆయన వాగు వైపు నడిచాడు. నేనూ వెళ్లాను. వాగులో నీళ్లు తగ్గి రాళ్లు పైకి తేలి ఉన్నాయి. ఒక రాయి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాడు. పక్క రాయి మీద నేను కూర్చున్నాను. ఇక ఆపుకోలేక అడిగేశాను.

"పొద్దున నవ్వేటప్పుడు ఎవరి ముఖం తలచుకుంటున్నరు?"

ఆయన నీళ్లలో కాలితో చిన్న రాయిని అటూ ఇటూ దొర్లించాడు. చెప్పడు అనుకున్నాను.

చెప్పాడు. దోస్తు ముఖం. ఆ ఫిట్టరుది. బాయిలో షిఫ్టు అయిపోయాక పైకి వచ్చేటప్పుడు ఎప్పుడూ అతనే ముందు నడిచేవాడట. బాయి మూతి దగ్గర వెలుతురులోకి రాగానే వెనక్కి తిరిగి, ముఖమంతా బొగ్గు, పళ్లు మాత్రం తెల్లగా, ఇవాళ గూడ వదిలిపెట్టిందిరా మనల్ని అనేవాడట. రోజూ అదే మాట. ఎన్నేళ్లయినా అదే మాట. విన్న ప్రతిసారీ నవ్వొచ్చేదట.

"ఆ మాట అన్నోడు మంచం మీద కూసోని పోయిండు," అన్నాడు. "బాయి వదిలిపెట్టింది గానీ."

అప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను పోయిన రోజు రాని నీళ్లు. నేను ఆయన చేయి పట్టుకోవాలి. పట్టుకున్నాను కూడా. కానీ అదే క్షణంలో నా లోపల ఏం జరిగిందో కూడా చెప్పాలి. అయితే నేను కాదన్నమాట అనుకున్నాను. ఆదివారం గేటు దగ్గర నుంచి వినిపించిన నవ్వు గుర్తొచ్చింది. బతికున్నప్పుడు గేటు బయటే నిలబడ్డ మనిషి, పోయాక మా ఇంట్లోకి, మా వరండాలోకి, ఈయన కళ్ల వెనక్కి వచ్చి కూర్చున్నాడు. చనిపోయినవాడి మీద ఈర్ష్య పడడం ఎంత పిచ్చిగా ఉంటుందో ఆ రాయి మీద కూర్చున్నప్పుడు తెలిసింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. ఎవరితో పోట్లాడాలో తెలియదు. అతను నన్ను చెల్లె అన్న గొంతు చెవిలో వినిపించింది. అప్పుడు ఈయన చేయి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

ఎందుకు చెప్పలేదు నాకు అన్నాను. నీకు వాడంటే గిట్టది కదా అన్నాడు. తెలుసన్నమాట. ఇన్నేళ్లూ గరిట చప్పుడు ఆయన వింటూనే ఉన్నాడు.

కొంతసేపటికి ముఖం కడుక్కుని, మామూలు గొంతుతో అడిగాడు.

"నీకు ఎవరొస్తరు మరి?"

నిజానికి ఆ మధ్యే నాకు ఒకటి దొరికింది. ముఖం అని కూడా అనలేను. మా ఊళ్లో మిరప కల్లం. ఎండిన కాయలు రాసులు పోసి ఉంటాయి. ఆడవాళ్లంతా వరసగా కూర్చుని తాలుకాయ, అంటే రంగు పోయిన కాయ, ఏరుతుంటారు. ఒకామె తుమ్ముతుంది. పక్కామె తుమ్ముతుంది. అలా తుమ్ము వరస చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తుంది. కళ్లల్లో నీళ్లు, ముక్కుల్లో మంట, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య నవ్వు. ఆ నవ్వులో నేనూ ఉన్నాను, గౌను వేసుకుని, ముక్కుకు రుమాలు కట్టుకుని. వాగు ఒడ్డున అది ఆయనకు చెప్పాను. చెబుతుంటేనే నాకు నవ్వొచ్చింది. ఆయన కూడా నవ్వాడు.

నవ్వు ఆగాక నీళ్లవైపు చూస్తూ అన్నాడు.

"నేను రాలేదా ఎన్నడు?"

"వచ్చిన్రు. కోపమొచ్చి పంపించేసిన."

ఆయన ముఖం కొంచెం వాడింది. కాళ్లు తుడుచుకుని చెప్పులు వేసుకున్నాడు. ఆ వాడిన ముఖం చూసి నాకు కలిగిన తృప్తి అంతా ఇంతా కాదు. ఇన్ని నెలలు నేను పడ్డదాంట్లో కాస్త ఆయనకూ అంటింది. వ్యాన్‌లో తిరిగి వస్తుంటే పక్క సీట్లో కూర్చుని, ఆ కల్లంల మొగోళ్లు ఎవరన్న ఉండేటోళ్లా అని అడిగాడు. మా నాన్న ఉండేవాడు అన్నాను.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని రాయలేను. ఆయన బీపీ కొంత తగ్గింది, గోళీ మాత్రం వేసుకుంటూనే ఉన్నాడు. మేడం కూడా గోళీలు మానొద్దని మొదటి నుంచీ అందరికీ చెబుతూనే ఉంది. నాకు నిద్ర బాగా పడుతోంది. నడుము నొప్పి తగ్గింది. చీ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. చేతుల మధ్య బంతి ఒక్కసారి కూడా దొరకలేదు. ఒక సాయంత్రం క్లాసయ్యాక ఆ ఫిట్టరు భార్య ఇంటికి ఇద్దరం వెళ్లాం. చావుకు వెళ్లిన తర్వాత మళ్లీ అప్పుడే వెళ్లడం. ఆమె టీ పెట్టింది. బాయి మూతి దగ్గర వాళ్లాయన అనే మాట ఈయన ఆమెకు చెప్పాడు. ఆమెకు ఆ సంగతి తెలియదట. ఇంట్లో అసలు నవ్వేటోడే కాదు అన్నా, అంది. ఆమె ముఖంలో ఒక్క క్షణం కనిపించినదాన్ని నేను వెంటనే గుర్తుపట్టాను. మర్నాడు వెళ్లి ఆమెను క్లాసుకు పిలుచుకొచ్చాను. ఇప్పుడు నా పక్కనే నిలబడుతుంది.

ఈ మధ్య ఆయనకు రెండో షిఫ్టు పడింది. సాయంత్రాలు బాయిలో ఉంటాడు. క్లాసుకు నేను ఒక్కదాన్నే ఆటోలో వెళుతున్నాను. పొద్దున టిఫిన్ దగ్గర అడుగుతాడు, నిన్న మేడం ఏం నేర్పిందని. చెప్తాను. వరండాలో చేసి చూపిస్తాను. ఆయన భుజాలు బిగబట్టి చేస్తాడు. వదలండి, వదలండి అంటూ భుజం మీద చెయ్యి వేసి కిందికి దించుతాను. ఎవరు ముందు వరసలో ఉన్నారు, ఎవరు కొత్తగా వచ్చారు, అన్నీ కావాలి ఆయనకు.

నిన్న ఇద్దరిద్దరుగా చేసేది మళ్లీ చేయించారని చెప్పాను. ఇవాళ మధ్యాహ్నం, ఆయన బాయికి వెళ్లడానికి బూట్లు వేసుకుంటున్నప్పుడు.

"నీకు ఎదురుంగ ఎవరు నిలబడ్డరు?"

రిటైరైన పోస్టుమాస్టర్ గారు అన్నాను.

"ఆయనకు తెలిసిందా ఏమన్న?"

"తెలిసిందట. నా చేతుల నుంచి మస్తు వేడి వస్తున్నదన్నడు."

ఆయన లేసు ముడి విప్పి, మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నాడు. బయట కంపెనీ బస్సు వచ్చి ఆగింది. టిఫిన్ బాక్సు అందించాను. అందుకుని, మెట్టు దిగి, బస్సు ఎక్కేముందు ఒకసారి వెనక్కి తిరిగి నా చేతుల వైపు చూశాడు.